ఇద్దరి మధ్య నిలబడ్డ మనిషి: జనరల్ తిమ్మయ్య

పన్నెండేళ్ళ క్రితం ఆఫీసు పని మీద సియోల్ వెళ్ళాను. మా సిస్టమ్‌కీ క్లయింటు వాళ్ళ సిస్టమ్‌కీ పొత్తు కుదరక రెండూ మొరాయిస్తుంటే, మధ్యలో కూర్చుని సర్దమని నన్ను పంపారు. మూడు వారాల పనిలో ఒక శనివారం ఖాళీ దొరికింది. హోటలు వాళ్ళని అడిగితే పాన్‌మున్‌జోమ్ వెళ్ళే బస్సుకి టిక్కెట్టు ఇప్పించారు. ఉత్తర కొరియా, దక్షిణ కొరియా సైనికులు ఎదురుబొదురుగా నిలబడి ఒకరినొకరు గుడ్లురిమి చూసుకునే చోటు అది.

బస్సులో నా పక్క సీట్లో ఎనభై దాటిన అమెరికన్ పెద్దాయన కూర్చున్నారు. 1953లో ఇరవయ్యేళ్ళ కుర్రాడిగా అక్కడే సైన్యంలో పనిచేశారట. నేను ఇండియా వాణ్ణని తెలియగానే ఆయన మొహం వికసించింది. యుద్ధం ఆగాక మీ సైనికులు వచ్చారని, వేలాది ఖైదీలకి ఇక్కడే కాపలా కాశారని, వాళ్ళ పెద్ద జనరల్ పేరు తిమ్మయ్య అని చెప్పుకుంటూ పోయారు. నాకు ఒక్క ముక్క తెలియదు. అయినా తెలిసినవాడిలా తల ఊపాను. ఆ రాత్రి హోటలు గదిలో కూర్చుని చదవడం మొదలుపెడితే తెల్లవారుజామున మూడయింది.

తిమ్మయ్య అనగానే మనవాడే అనుకున్నాను. పేరు చూస్తే అనంతపురమో కర్నూలో అయి ఉండాలి కదా! ఎవరైనా గొప్పవారని తెలిస్తే, వాళ్ళ అమ్మమ్మగారిది గుంటూరు జిల్లా అని రుజువు చేసేదాకా మనకి నిద్రపట్టదు. కానీ ఆయన తెలుగువాడు కాదు, కొడగు వాడు. ఆ సంగతి మొదట్లోనే ఒప్పేసుకుంటున్నాను. ఆయన జీవితం మద్రాసునీ, హైదరాబాదు పేరునీ తాకుతూ వెళ్ళిన చోట్లు కొన్ని ఉన్నాయి. అవి వచ్చినప్పుడు చెబుతాను.

కొడందెర సుబ్బయ్య తిమ్మయ్య 1906 మార్చి చివర్లో మడికేరిలో పుట్టారు. కాఫీ తోటల కుటుంబం. కూనూరులోనూ, బెంగుళూరు బిషప్ కాటన్ స్కూల్లోనూ చదువుకుని, డెహ్రాడూన్ సైనిక కళాశాల మీదుగా ఇంగ్లాండులోని శాండ్‌హర్‌స్ట్ చేరి 1926లో ఆఫీసరుగా బయటికి వచ్చారు. ఆ రోజుల్లో అక్కడ చదివే భారతీయుల్ని చేతి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆయన చేరిన రెజిమెంటు పేరు 19వ హైదరాబాద్ రెజిమెంటు. పేరులో హైదరాబాదు ఉంది గానీ అందులో మనవాళ్ళు ఉన్నారనుకోకండి. ఒకప్పుడు నిజాం ఖర్చు భరిస్తే బ్రిటిష్ వాళ్ళు నడిపిన పటాలానికి ఇది వారసురాలు. తిమ్మయ్య కాలానికి సైనికులంతా కుమావూ కొండలవాళ్ళూ, జాట్లూ, అహీర్లూ. 1945లో ఆ పేరు కూడా తీసేసి కుమావూ రెజిమెంటు చేశారు.

చదువులో, ఆటల్లో తెల్లవాళ్ళతో సమానంగా నిలబడ్డ కుర్రాడికి క్లబ్బు గుమ్మం దగ్గర మాత్రం భారతీయులకు ప్రవేశం లేదన్నారు. ఊళ్ళోకి వెళ్తే తెల్లదొరల నౌకరు అన్నట్టు మనవాళ్ళు చూశారు. అలహాబాదులో పనిచేస్తున్నప్పుడు ఉద్యోగం మానేయాలా అని మోతీలాల్ నెహ్రూ గారిని సలహా అడిగారట. మానవద్దు, రేపు స్వతంత్రం వచ్చాక సైన్యం నడపడం తెలిసినవాళ్ళు మనకీ కావాలి అన్న అర్థంలో ఆయన చెప్పారని హంఫ్రీ ఎవాన్స్ అనే అమెరికన్ రాసిన జీవిత చరిత్రలో ఉంది. రెండు పక్షాలకీ పరాయివాడు కావడం ఎలా ఉంటుందో ఆయనకి పాతికేళ్ళకే రుచి తెలిసిందని నాకనిపిస్తుంది. తరవాత రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన బ్రిటిష్ సైన్యంలో ఉంటే, ఆయన అన్న పొన్నప్ప నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు. ఒకే ఇంట్లో రెండు జెండాలు.

1935లో నీనా గారితో పెళ్ళయింది. అదే ఏడాది మే 31న క్వెట్టాలో పెద్ద భూకంపం వచ్చినప్పుడు దంపతులిద్దరూ అక్కడే ఉండి సహాయ కార్యక్రమాల్లో పనిచేశారు. 1936లో మద్రాసు యూనివర్సిటీ ట్రెయినింగ్ కోర్‌కి ఎడ్జుటెంట్‌గా వేశారు. కాలేజీ కుర్రాళ్ళకి కవాతు, తుపాకీ నేర్పే సంస్థ అది. మన తెలుగు కుర్రాళ్ళు కాలేజీ చదువులకి మద్రాసు వెళ్ళే రోజులవి. మన ఎన్.సి.సి.కి తాతగారి లాంటిది ఆ సంస్థ. ఇంజనీరింగు కాలేజీలో నేనూ రెండేళ్ళు ఎన్.సి.సి.లో ఉన్నాను, దేశభక్తితో పాటు పరేడు తరవాత పెట్టే పూరీ కూర కోసం. పిల్లలకి నేర్పడం తిమ్మయ్య గారి ఉద్యోగ జీవితంలో మళ్ళీ మళ్ళీ వచ్చే పని. స్వాతంత్ర్యం తరవాత డెహ్రాడూన్‌లో సైనిక విద్యాలయానికి అధిపతిగా కూడా ఉన్నారు.

యుద్ధాల సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే వాటి గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. 1945 మొదట్లో బర్మా అరకాన్ తీరంలో కంగావ్ దగ్గర ఘోరమైన యుద్ధం జరిగింది. అక్కడ ఒకే బ్రిగేడులో మూడు పటాలాలకీ భారతీయులే కమాండర్లు: తిమ్మయ్య, తొరాట్, సేన్. ముగ్గురికీ డి.ఎస్.ఓ. పతకాలు వచ్చాయి. వీళ్ళలో తొరాట్ అన్న పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తారు. యుద్ధం అయ్యాక తిమ్మయ్య బ్రిగేడు తీసుకుని జపాన్ వెళ్ళారు. 1947లో పంజాబు తగలబడుతుంటే, అటూ ఇటూ సాగిపోతున్న కాందిశీకుల బారులకి కాపలా పెట్టే పని మీద పడింది. 1948 నవంబరు 1న కాశ్మీరులో 11,000 అడుగులకు పైన ఉన్న జోజి లా కనుమ మీదికి టాంకులు ఎక్కించి, తాను ముందు టాంకులో కూర్చున్నారు. అంత ఎత్తుకి టాంకులు వస్తాయని అవతలివాళ్ళు కలలో కూడా అనుకోలేదు. ఆ ఒక్క రోజు చాలు ఆయన పేరు చరిత్రలో ఉండటానికి. కానీ నేను ఈ వ్యాసం రాస్తున్నది ఆ రోజు గురించి కాదు. అయిదేళ్ళ తరవాత కొరియాలో టాంకులూ ఫిరంగులూ ఏమీ లేకుండా ఆయన చేసిన పని గురించి.

1953 జులై 27న కొరియా యుద్ధం ఆగింది. అప్పటికి రెండేళ్ళుగా సంధి మాటలు నడుస్తూనే ఉన్నాయి. అంత ఆలస్యం కావడానికి పెద్ద కారణం యుద్ధ ఖైదీలు. అమెరికా నాయకత్వంలోని సేనలకు చిక్కిన చైనా, ఉత్తర కొరియా సైనికుల్లో వేలమంది మేం ఇళ్ళకి వెళ్ళం అన్నారు. చైనా వాళ్ళేమో అదంతా బలవంతం, బెదిరింపు, అసలు వాళ్ళ మనసులో మాట వేరు అన్నారు. ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉంది. చివరికి కుదిరిన ఏర్పాటు ఇది: అలాంటి ఖైదీలందర్నీ ఒక తటస్థ సంఘానికి అప్పగించాలి. తొంభై రోజుల పాటు వాళ్ళ స్వదేశపు ప్రతినిధులు వచ్చి ఒక్కొక్కరికీ ఇంటికి రావచ్చు, భయం లేదు అని వివరించాలి. ఆ తరవాత ఎవరి ఇష్టం వాళ్ళది.

ఆ సంఘంలో అయిదు దేశాలు. పోలండు, చెకోస్లొవేకియా ఒక వైపు మొగ్గు. స్వీడను, స్విట్జర్లాండు ఇంకో వైపు మొగ్గు. మధ్యలో అయిదో ఓటు, అధ్యక్ష స్థానం ఇండియాది. అధ్యక్షుడు తిమ్మయ్య. ఖైదీలకి కాపలా కాసే సైన్యం కూడా ఇండియా ఒక్కటే పంపాలి. దానికి కస్టోడియన్ ఫోర్స్ అని పేరు, సుమారు 6,000 మంది. దాని నాయకుడు ఇందాక చెప్పిన తొరాట్. బర్మాలో పక్కపక్కన పోరాడిన ఇద్దరూ ఇక్కడ మళ్ళీ కలిశారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఈ రోజుల సంగతి చెప్పాలి. ఇప్పుడు ఐక్యరాజ్య సమితి శాంతి దళంలోకి ఒక సైనికుడు గానీ, పోలీసు గానీ, గుమాస్తా గానీ వెళ్ళాలంటే బయలుదేరకముందే శిక్షణ ఉంటుంది. ఏ అధికారంతో వెళ్తున్నావు, తుపాకీ ఎప్పుడు ఎత్తవచ్చు, ఎప్పుడు ఎత్తకూడదు, దుబాసీతో ఎలా మాట్లాడాలి, ఎవరి వైపూ మొగ్గినట్టు కనపడకుండా ఎలా మెలగాలి, ఆడవాళ్ళ పట్ల, పిల్లల పట్ల ఎలా ఉండాలి, అన్నీ నేర్పుతారు. కోపంతో ఊగిపోయే గుంపు లాగా కొందరు నటిస్తే వాళ్ళని ఎదుర్కోవడం అభ్యాసం చేయిస్తారు. ఢిల్లీలో 2000లో ఇందుకోసం ప్రత్యేకంగా ఒక కేంద్రం పెట్టారు. వేరే దేశాల ఆఫీసర్లు కూడా అక్కడికి వచ్చి నేర్చుకుంటారు. మాటవరసకి చెప్పాలంటే, మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి యూజర్ మాన్యువల్, టెస్ట్ కేసులు, ట్రెయినింగు అన్నీ ఉన్నట్టే.

1953లో ఇవేవీ లేవు. అసలు అప్పటికి ఐక్యరాజ్య సమితికి సాయుధ శాంతి దళం అనేదే లేదు. మొదటిది 1956లో సూయెజ్ గొడవ తరవాత వచ్చింది. పైగా కొరియాలో ఐక్యరాజ్య సమితి జెండా కింద ఒక పక్షం యుద్ధం చేసింది కూడా. కాబట్టి మనవాళ్ళు వెళ్ళింది ఆ జెండాతో కాదు, సంధి పత్రంలోని నాలుగు పేజీల షరతులు చేత పట్టుకుని. మాన్యువల్ లేదు, టెస్టింగు లేదు, నేరుగా ప్రొడక్షన్‌లోకి దిగారు. ఆ 6,000 మందిలో చాలామందికి బర్మా, కాశ్మీరు యుద్ధాల అలవాటు. శత్రువు ఎదురైతే ఏం చెయ్యాలో వాళ్ళకి నేర్పినవాళ్ళున్నారు. ఎదుటివాడు శత్రువూ కాదు, స్నేహితుడూ కాదు, మీద రాళ్ళేస్తున్నాడు, కొట్టకూడదు అంటే ఏం చెయ్యాలి?

మొదటి అవమానం నేల మీద కాలు పెట్టకముందే ఎదురైంది. దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్మన్ రీ భారత సైనికులు తన గడ్డ మీద అడుగు పెట్టడానికి వీల్లేదన్నాడు. ఇండియా కమ్యూనిస్టుల వైపు ఉందని ఆయన అనుమానం. దాంతో అమెరికన్లు మనవాళ్ళని ఇంచోన్ రేవులో ఓడ మీద నుంచే హెలికాప్టర్లలో ఎక్కించి, గాల్లోనే తీసుకెళ్ళి సైన్యరహిత మండలంలో దింపారు. ఆరు వేల మందినీ! అక్కడ గుడారాలు వేసుకుని మనవాళ్ళు ఆ ఊరికి హింద్ నగర్ అని పేరు పెట్టుకున్నారు.

ముళ్ళకంచెల వెనక ఉన్న ఖైదీలు 22,604 మంది. అందులో చైనావాళ్ళు 14,704, మిగతావాళ్ళు కొరియన్లు. అవతలి వైపు ఉత్తరాన ఇళ్ళకి వెళ్ళమన్న వాళ్ళు 359 మంది, అందులో 23 మంది అమెరికన్లు. ఒక్కో ఆవరణలో వందలమంది. లోపల పెత్తనం వాళ్ళలో వాళ్ళు పెట్టుకున్న నాయకులది. ఇంటికి వెళ్తానని ఎవడైనా నోరు జారితే రాత్రికి వాడి పని అయిపోయేది. మనవాళ్ళు లోపలికి ఆయుధాలతో వెళ్తే అల్లర్లు. ఆయుధాల్లేకుండా వెళ్తే వాళ్ళ చేతికి చిక్కుతారు. చైనా భాష బాగా వచ్చిన మనవాళ్ళు అతి కొద్దిమంది. సైనికులతో పాటు సివిలియన్లు కూడా వెళ్ళారు. విదేశాంగ శాఖ నుంచి బి.ఎన్. చక్రవర్తి, తరవాతి కాలంలో ఇందిరా గాంధీ గారి దగ్గర చక్రం తిప్పిన పి.ఎన్. హక్సర్ కూడా అక్కడ ఉన్నారు. ఆఫీసర్లూ, దౌత్యవేత్తలూ ఒకే గుడారాల్లో కూర్చుని ఏ రోజుకారోజు పద్ధతి కనిపెట్టుకోవాల్సి వచ్చింది.

సెప్టెంబరు 25న చైనా ఖైదీలు మేజర్ గ్రేవాల్ అనే మన ఆఫీసర్ని ఆవరణలోకి లాగేసుకున్నారు. ఇంటికి వెళ్తానని పారిపోయి వచ్చిన వాళ్ళ మనిషిని వెనక్కి అప్పగిస్తేనే వదులుతాం అన్నారు. బయట మన జవాన్లు తుపాకులు పట్టుకుని నిలబడ్డారు. తొరాట్ వచ్చి, ఒక మాట ఆలోచించి, తానే గేటు తెరిపించుకుని లోపలికి నడిచారు. చుట్టూ వందలమంది అరుపులు. ఆయన నిదానంగా కూర్చుని, మీ ఇంటికొచ్చిన అతిథికి సిగరెట్టు, టీ ఇవ్వడం చైనా మర్యాద కాదా అని అడిగారట. ఎవరో సిగరెట్టు ఇచ్చారు. టీ వచ్చింది. మెల్లగా అరుపులు తగ్గాయి, మాటలు మొదలయ్యాయి. చివరికి గ్రేవాల్‌ని తీసుకుని బయటికి వచ్చారు. పారిపోయి వచ్చిన మనిషిని మాత్రం అప్పగించలేదు. ఈ ఘట్టం గురించి చదివినప్పుడల్లా నాకు మా పెదనాన్న గుర్తొస్తాడు. పొలం గట్టు తగాదాలో రెండు వర్గాలూ కర్రలు పట్టుకుని ఉంటే, వెళ్ళి అరుగు మీద కూర్చుని ముందు మజ్జిగ ఇప్పించమనేవాడు.

అన్ని రోజులూ అలా మజ్జిగతో తీరలేదు. అక్టోబరు 1, 2 తేదీల్లో ఖైదీలు కంచె దాటడానికి తిరగబడితే మన సైనికులు కాల్పులు జరిపారు. కొందరు ఖైదీలు చనిపోయారు. అక్టోబరు 1 అంటే కర్నూలులో మన ఆంధ్ర రాష్ట్రం పుట్టిన రోజు. ఇక్కడ మనవాళ్ళు పండగ చేసుకుంటున్న రోజున అక్కడ తిమ్మయ్య గారు ఆ కాల్పులకి రెండు పక్షాలకీ సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది. దక్షిణం వాళ్ళు భారత సైన్యం హంతకులన్నారు. ఉత్తరం వాళ్ళు మీరు మరీ మెత్తగా ఉన్నారు, బలప్రయోగం చేసి మా మనుషుల్ని విడిపించరేం అన్నారు.

తిమ్మయ్య గారి అసలు పరీక్ష అక్కడే ఉందని నేను అనుకుంటాను. వివరణలు చెప్పే గుడారాలకి రామని ఖైదీలు భీష్మించుకు కూర్చున్నారు. బలవంతంగా ఈడ్చుకురండి అని చైనా వాళ్ళు. ఈడ్చుకొస్తే వందల మంది చనిపోతారు. ఆయన ఈడ్చుకురాలేదు. మాట్లాడారు, బతిమాలారు, నాయకుల్ని విడదీసి చూశారు. ఫలితం ఏమిటంటే తొంభై రోజుల్లో వివరణలు జరిగినవి పట్టుమని పది రోజులే. డిసెంబరు 23తో గడువు అయిపోయింది. ఇంటికి వెళ్ళడానికి ఒప్పుకున్నవాళ్ళు ఇరవై రెండు వేల మందిలో 600 పైచిలుకు. ఆ తరవాత ఖైదీల సంగతి తేల్చాల్సిన రాజకీయ సమావేశం జరగనే లేదు. వాళ్ళని తక్షణం వదిలేయండి, వాళ్ళు స్వతంత్రులు అని అమెరికన్లు. వదలడానికి వీల్లేదు, వివరణలు పూర్తికాలేదు అని చైనా. తిమ్మయ్య గారు మూడో దారి ఎంచుకున్నారు. వాళ్ళు స్వతంత్రులు అని ప్రకటించే అధికారం నాకు లేదు, ఇంకా పట్టి ఉంచే అధికారమూ లేదు, కాబట్టి ఎవరి దగ్గర నుంచి తీసుకున్నానో వాళ్ళకే అప్పగిస్తాను అన్నారు. 1954 జనవరి 20, 21 తేదీల్లో అప్పగించారు కూడా. రెండు పక్షాలూ తప్పుబట్టాయి.

మూడేళ్ళ క్రితం మా ఊళ్ళో ఒక తెలుగు సంఘం రెండుగా చీలే పరిస్థితి వచ్చినప్పుడు, నువ్వైతే ఎవరి మనిషివీ కావు అని నన్ను మధ్యవర్తిగా కూర్చోబెట్టారు. నెల రోజులు ఫోన్లు, రెండు పూటలా ఇడ్లీ మీటింగులు. చివరికి నేను చెప్పిన లెక్కల పద్ధతి ఒక్కరికీ నచ్చలేదు. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో కనపడితే ఒక వర్గం వాళ్ళు ఇటు నుంచి, ఇంకో వర్గం వాళ్ళు అటు నుంచి తప్పుకుపోతారు. అప్పుడు తిమ్మయ్య గారి కథ మళ్ళీ చదివాను. నా గొడవ సంక్రాంతి సభ హాలు అద్దె గురించి, ఆయన గొడవ ఇరవై రెండు వేల ప్రాణాల గురించి. పోల్చడమే తప్పు. కానీ రెండు వైపులా తిట్టారంటే బహుశా మధ్యలోనే నిలబడ్డాననుకోవచ్చు అన్న ఓదార్పు మాత్రం ఆయన దగ్గర అప్పు తెచ్చుకున్నాను.

ఆయన చేసింది పూర్తిగా సరైనదేనా అని అడిగితే నేను చప్పున అవునని చెప్పలేను. లోపల నాయకుల భయంతో నోరు విప్పలేక, ఇంటికి వెళ్ళాలని ఉన్నా తైవాన్ ఓడ ఎక్కినవాళ్ళు కొందరైనా ఉండే ఉంటారు. వాళ్ళకి ఆయన న్యాయం చెయ్యలేకపోయారు. బలప్రయోగం చేస్తే వాళ్ళ కోసం ఇంకెంతమంది పోయేవాళ్ళో కూడా ఆలోచించాలి. ఈ బరువు ఆయనకి తెలియనిది కాదు. ఆ అనుభవాల మీద ఆయన రాసుకున్న పుస్తకం ఆయన పోయిన చాలా ఏళ్ళకి, 1981లో అచ్చయింది. తటస్థంగా ఉండటం ఎంత కష్టమో దాని పేరులోనే ఉంది.

అటు తైవానూ వద్దు, ఇటు చైనా వద్దు, ఏ కొరియా వద్దు, ఏదైనా తటస్థ దేశానికి పోతాం అన్న ఖైదీలు 88 మంది మిగిలారు. వాళ్ళని మన సైనికులు తమతో పాటే ఓడ ఎక్కించుకుని 1954 ఫిబ్రవరిలో మద్రాసు రేవుకి తీసుకొచ్చారు. అప్పటికి మద్రాసు మనది కాదని తేలి అయిదు నెలలే అయింది. ఊరు పోగొట్టుకున్న బాధలో ఉన్న మనవాళ్ళలో ఎవరైనా ఆ రోజు హార్బరుకి వెళ్ళి, దేశమే పోగొట్టుకున్న ఆ కుర్రాళ్ళని చూశారా అని నాకు కుతూహలం. తరవాత వాళ్ళలో చాలామంది దక్షిణ అమెరికా దేశాలకి వెళ్ళిపోయారు, కొద్దిమంది ఇండియాలోనే ఉండిపోయారు.

తిమ్మయ్య గారికి 1954లో పద్మభూషణ్ వచ్చింది. 1957 మేలో భారత సైన్యాధిపతి అయ్యారు. 1959లో రక్షణ మంత్రి కృష్ణ మీనన్‌తో పొసగక రాజీనామా ఇచ్చి, నెహ్రూ గారి మాట మీద వెనక్కి తీసుకున్నారు. ఆ వెనక్కి తీసుకోవడం తప్పా ఒప్పా అన్నది మా మామగారికీ ఆయన మిత్రులకీ ఒక పూట భోజనానికి సరిపడా వాదం. నేనందులో దిగను. 1961లో రిటైరై కొడగు తోటలకి వెళ్ళారు. మరుసటి ఏడాది చైనాతో యుద్ధం వచ్చేసరికి ఆయన యూనిఫారంలో లేరు.

మూడేళ్ళు గడిచాక మళ్ళీ పిలుపు వచ్చింది, ఈసారి ఐక్యరాజ్య సమితి నుంచి. సైప్రస్ ద్వీపంలో గ్రీకులకీ తుర్కులకీ పడక 1963 డిసెంబరులో కత్తులు దూసుకున్నారు. రాజధాని నికోసియా మధ్యలో బ్రిటిష్ జనరల్ ఒకాయన మ్యాపు మీద ఆకుపచ్చ పెన్సిలుతో గీత గీసి ఇరువర్గాల్నీ విడదీశాడు. ఈ రోజుకీ దాన్ని గ్రీన్ లైన్ అంటారు. 1964 మార్చిలో ఐక్యరాజ్య సమితి దళం దిగింది. మొదటి కమాండరు మన జనరల్ గ్యానీ. జులైలో ఆయన స్థానంలో తిమ్మయ్య గారు వెళ్ళారు. వెళ్ళిన నెలకే ఆగస్టులో కొక్కినా దగ్గర పోరు ముదిరి, తుర్కీ విమానాలు బాంబులు వేశాయి. యుద్ధం ద్వీపమంతా పాకకుండా ఆపడమే ఆయన మొదటి పని.

సైప్రస్‌లో ఒక విశేషం ఉంది. ఐక్యరాజ్య సమితి దళాల్లో సైనికులతో పాటు వేర్వేరు దేశాల పోలీసుల్ని కూడా ఒక విభాగంగా పంపడం అక్కడే మొదలైంది. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, డెన్మార్క్, న్యూజిలాండ్, స్వీడన్ పోలీసులు వచ్చారు. కెనడా, బ్రిటన్, ఐర్లండ్, ఫిన్లండ్ నుంచి కూడా పటాలాలు ఉన్నాయి. ఒక్కో దేశానిది ఒక్కో అలవాటు. భారత సైనికులు మాత్రం లేరు. అంటే ఆయన తనకి అలవాటైన మనుషులు ఒక్కరూ లేకుండా, కొరియాలో తాను దెబ్బలు తిని నేర్చుకున్నది పరాయి దేశాల కుర్రాళ్ళతో చేయించాలి. చేసే పనులు చూస్తే పల్లెటూరి పెద్దమనిషి పనుల్లాగే ఉంటాయి. తుర్కుల ఊరి పక్కన గ్రీకు రైతు పొలం కోసుకోవాలంటే మధ్యలో నిలబడాలి. నీళ్ళ గొట్టం పాడైతే బాగుచేసేవాణ్ణి కాపాడుతూ తీసుకెళ్ళాలి. ఒక ఊరి జనం రోడ్డు మీద ఇంకో ఊరు దాటాలంటే వెంట జీపు నడపాలి. ఒక్క తూటా పేలకుండా రోజు గడిస్తే ఆ రోజు పని అయినట్టు. పేపర్లో వార్త కూడా రాదు.

1965 డిసెంబరు 18న నికోసియాలో ఆయనకి గుండెపోటు వచ్చింది. పదవిలో ఉండగానే పోయారు. అరవయ్యేళ్ళు నిండలేదు. దేహాన్ని విమానంలో బెంగుళూరు తెచ్చి అక్కడే సైనిక లాంఛనాలతో ఖననం చేశారు. 1966లో సైప్రస్ ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ విడుదల చేసింది. ఆయన తరవాత 1969లో ఇంకో భారతీయుడు, జనరల్ ప్రేమ్‌చంద్, అదే దళానికి కమాండరుగా వెళ్ళారు. ఆ రోజుల్లో ఐక్యరాజ్య సమితిలో సైనిక సలహాదారుగా ఉన్న జనరల్ ఇందర్‌జిత్ రిఖీ 1970లో న్యూయార్కులో ఇంటర్నేషనల్ పీస్ అకాడమీ పెట్టారు. ఆఫీసర్లనీ, దౌత్యవేత్తలనీ ఒకే తరగతిలో కూర్చోబెట్టి, ఈ పనికి ముందుగానే తయారుచేయాలన్నది ఆయన పట్టుదల. తిమ్మయ్య, తొరాట్, హక్సర్‌లు గుడారాల్లో తడుముకుంటూ నేర్చుకున్నదానికి సిలబస్ రాయడం అలా మొదలైంది. భారత దేశం నుంచి వెళ్ళిన శాంతి దళాల్లో ఇప్పటిదాకా ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు నూట డెబ్భై మందికి పైమాటే.

మడికేరిలో ఆయన పుట్టి పెరిగిన ఇల్లు, సన్నీ సైడ్, 2021లో మ్యూజియం అయింది. కిందటి సారి ఇండియా వెళ్ళినప్పుడు బెంగుళూరు నుంచి కారు మాట్లాడుకుని పిల్లల్ని తీసుకెళ్ళాను. కొడగు వాన. మా అబ్బాయి టాంకు దగ్గర ఫొటో దిగుతాడనుకుంటే, కొరియా సంగతి చెప్పమని నా వెంట పడ్డాడు. అంత పెద్ద జనరల్‌కి తుపాకీ వాడొద్దంటే కోపం రాలేదా అని అడిగాడు. వాన తగ్గేదాకా వరండాలో నిలబడి, తొరాట్ టీ అడిగిన కథ వాడికి రెండుసార్లు చెప్పాను.